చీడపురుగుకు సరైన పేరు: రెండు శతాబ్దాల అన్వేషణ

మద్రాసు శివారులోని సైదాపేటలో 1789లో ఈస్టిండియా కంపెనీ అండతో ఒక విచిత్రమైన తోట వెలసింది. అందులో నాటినవి పూలమొక్కలూ కావు, పండ్లచెట్లూ కావు, నాగజెముడు మొక్కలు. వేయించినవారు కంపెనీ వైద్యాధికారి జేమ్స్ ఆండర్సన్. మెక్సికోలో నాగజెముడు మీద పెరిగే కొచినీల్ అనే చిన్న కీటకాన్ని ఎండబెట్టి, నూరి తీసే ఎర్రరంగుకు ఆనాటి ఐరోపా బట్టల పరిశ్రమలో గొప్ప గిరాకీ ఉండేది. ఆ వ్యాపారం స్పెయిన్ గుప్పిట్లో ఉంది. దాన్ని మద్రాసుకు మళ్లించాలన్నది ఆండర్సన్ తపన. 1786లోనే ఆయన మద్రాసు పరిసరాల్లో గడ్డిని అంటిపెట్టుకొని ఉన్న ఒక కీటకాన్ని చూసి, అదే కొచినీల్ అనుకొని లండన్‌లోని జోసెఫ్ బ్యాంక్స్‌కు లేఖల మీద లేఖలు రాశారు. అది కొచినీల్ కాదని తేలింది. ఆశ మాత్రం చావలేదు. 1795లో కెప్టెన్ నీల్సన్ అనే అధికారి బ్రెజిల్ దేశపు రియో డి జనీరో రేవు నుంచి కొచినీల్ కీటకాలను ప్రాణాలతో కలకత్తాకు చేర్చగలిగారు. ఆ సంతతి మద్రాసుకూ వచ్చింది.

ఈసారి వచ్చింది కొచినీల్ కుటుంబానికి చెందినదే. కాని కావలసిన జాతి కాదు. దాని రంగు నాసిరకం. రంగు వ్యాపారం నిలదొక్కుకోలేదు. అయితే ఎవరూ ఊహించని పని ఒకటి జరిగింది. దేశంలో అప్పటికే విస్తరించి ఉన్న ఒక రకం నాగజెముడు పొదలను ఆ కీటకం రసం పీల్చి ఎండగట్టింది. దీన్ని గమనించి 1836–38 మధ్య దాన్ని దక్షిణ భారతంలోని మరికొన్ని ప్రాంతాలకు, 1865 ప్రాంతంలో సింహళానికి కావాలనే తీసుకువెళ్లారు. ఒక కలుపుమొక్కను అణచడానికి ఒక కీటకాన్ని బుద్ధిపూర్వకంగా వదిలిన తొలి ఉదాహరణలలో ఇది ఒకటి. ఇంత పని చేసిన ఆ కీటకానికి శాస్త్రం పేరు పెట్టింది మాత్రం 1896లో, అది ఈ గడ్డ మీద అడుగుపెట్టి నూరేళ్లు నిండాక! పుట్టింది దక్షిణ అమెరికాలో. సింహళపు నమూనాను బట్టి వచ్చిన పేరు డాక్టిలోపియస్ సిలోనికస్.

కథ అక్కడితో ముగియలేదు. దక్షిణ భారతపు పొలాల గట్లను, బీళ్లను ఆక్రమించిన మరో రకం నాగజెముడును ఈ కీటకం ముట్టుకోలేదు. దానికి వేరే జాతి కొచినీల్ కావలసి వచ్చింది. 1926లో డాక్టిలోపియస్ ఒపన్షియే అనే ఆ జాతిని సింహళం నుంచి తెచ్చి వదిలాక గాని ఆ పొదలు తగ్గుముఖం పట్టలేదు. మొక్క మీద తెల్లని దూదిపింజల్లా కనిపించే ఈ రెండు కీటకాల మధ్య తేడా మామూలు కంటికి ఆనదు. ఆ ఆనని తేడా మీదనే ఎన్నో వేల ఎకరాల నేల భవిష్యత్తు ఆధారపడింది. కీటకాల వర్గీకరణ అంటే గాజుపెట్టెల్లో సీతాకోకచిలుకలను వరుసగా గుచ్చిపెట్టే కాలక్షేపమని మన విద్యావంతులలో ఇప్పటికీ ఒక అభిప్రాయం ఉంది. సైదాపేట తోట చరిత్ర తెలిసినవారు ఆ మాట అనలేరు.

ప్రతి జీవికి ప్రజాతి, జాతి అనే రెండు పదాలతో ఒకే పేరు ఉండాలన్న పద్ధతిని స్వీడన్ శాస్త్రజ్ఞుడు లినేయస్ నెలకొల్పారు. జంతువుల విషయంలో 1758లో వెలువడిన ఆయన గ్రంథాన్నే నేటికీ నామకరణానికి మొదలుగా పాటిస్తున్నారు. ఆయన శిష్యుడు కోయెనిగ్ 1768లో తరంగంబాడికి వచ్చి, దక్షిణ భారతంలో మొక్కలతో పాటు కీటకాలనూ సేకరించారు. తంజావూరు ప్రాంతపు చెదపురుగుల జీవితాన్ని గురించి 1779లో ఆయన ప్రకటించిన రచన ఈ దేశపు కీటకాల మీద వచ్చిన తొలి శాస్త్రీయ పరిశీలనలలో ఒకటి. ఆయన పంపిన నమూనాలనుంచి డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు ఫాబ్రీషియస్ ఎన్నో కొత్త జాతులను వర్ణించారు. కోయెనిగ్ 1785లో కాకినాడ చెంత జగన్నాథపురంలో కన్నుమూశారు. అక్కడికి దగ్గరలోని సామర్లకోటలో ఉంటున్న ఆయన మిత్రుడు విలియం రాక్స్‌బర్గ్ ఆ తరువాత లక్కపురుగును పెంచి, దాని జీవితదశలను గమనించి రాసిన వ్యాసం 1791లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయింది. వృక్షశాస్త్రజ్ఞుడిగానే మనకు తెలిసిన రాక్స్‌బర్గ్ కీర్తిలో ఈ చిన్న కీటకానికీ వాటా ఉంది.

వీరికంటే ముందు మన పురుగులకు పేర్లు లేవని కాదు. రైతు పెట్టిన పేర్లున్నాయి. అవి చాలా తెలివైన పేర్లు. వరిపిలక ఉల్లికాడలాంటి గొట్టంగా మారిపోతే ఆ చీడ ఉల్లికోడు. పైరు సుడులు సుడులుగా ఎండిపోతే అందుకు కారణం సుడిదోమ. ఆకును ముడిచేది ఆకుముడత, కాండాన్ని తొలిచేది కాండం తొలుచు పురుగు. రైతు పేరు నష్టాన్ని చెబుతుంది. పొలంలో నిలబడి చూసేవాడికి కావలసింది అదే.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఒకే మాట కింద సంబంధంలేని జీవులు చేరిపోయినప్పుడు. మనిషిని కుట్టేదీ దోమే, వరి మొదట్లో రసం పీల్చేదీ దోమే, పత్తి ఆకు అడుగున ఉండే తెల్లదోమా దోమే, పచ్చదోమా దోమే. వీటిలో మొదటిది ఈగల వర్గానిది. తక్కినవి నల్లులకు దగ్గరి చుట్టాలు. నల్లి అన్న మాటదీ ఇదే తంతు. మంచంలోని నల్లి, పిండినల్లి కీటకాలు. ఎర్రనల్లి అసలు కీటకమే కాదు. ఎనిమిది కాళ్లతో సాలెపురుగు వర్గంలో చేరుతుంది. కీటకాలను చంపే మందులు చాలావాటికి అది లొంగదు. పేరు నల్లి కదా అని నల్లిమందు కొడితే డబ్బు పోతుంది, నల్లి మిగులుతుంది. పంటనష్టపు నివేదికల్లో పురుగు తెగులు అన్న ఒక్క మాటతో సరిపెట్టడం పరిపాలనలో ఉన్నవారికి తెలిసిన అలవాటే. పురుగు వేరు, తెగులు వేరు అన్న రైతు వివేకం కూడా ఆ మాటలో కనిపించదు.

పంటల పురుగులను దేశవ్యాప్తంగా నమోదు చేసే ప్రయత్నం కలకత్తాలోని ఇండియన్ మ్యూజియంలో మొదలైంది. 1889 నుంచి 1903 వరకు అక్కడి నుంచి వెలువడిన ‘ఇండియన్ మ్యూజియం నోట్స్’ అనే సంచికలు చూడదగినవి. జిల్లా అధికారులూ, తోటల యజమానులూ పంపిన పురుగులను పరిశీలించి, వాటి పేరు, అలవాట్లు, తెలిసినంతవరకు నివారణ వాటిలో రాసేవారు. ఈ పని చూసినవారు కోట్స్. బీహారులోని ముంగేరు ప్రాంతంలో 1880లో వరికి పట్టిన ఒక చీడకు మ్యూజియం అధిపతి వుడ్-మేసన్ 1889లో శాస్త్రనామం పెట్టారు. అదే మన ఉల్లికోడు. దోమంత పరిమాణంలో ఉండే ఆ చిన్న ఈగకు తరువాత ప్రజాతి రెండుసార్లు మారి, ఇప్పుడు ఓర్సియోలియా ఒరైజే అంటున్నారు. అదే కాలంలో లండన్ నుంచి బ్లాన్‌ఫర్డ్ సంపాదకత్వంలో ‘ఫానా ఆఫ్ బ్రిటిష్ ఇండియా’ సంపుటాలు రాసాగాయి. హాంప్సన్ మాత్‌ల గురించి 1892–96 మధ్య రాసిన నాలుగు సంపుటాలు వాటిలోనివే. మనల్ని పీడించే లద్దెపురుగులు, పచ్చపురుగులు, కాండం తొలిచేవి అన్నీ ఈ మాత్‌ల పిల్లలే కనుక ఆ సంపుటాలు వ్యవసాయ శాస్త్రానికి పునాది అయ్యాయి. ఒక మాట మాత్రం చెప్పుకోవాలి. ఏ నమూనాను చూసి ఒక జాతికి పేరు పెడతారో ఆ మూల నమూనాయే ఆ పేరుకు శాశ్వత సాక్షి. ఆ సాక్షుల్లో అత్యధిక భాగం ఓడలెక్కి లండన్ చేరాయి. అనుమానం వచ్చిన ప్రతిసారీ భారతీయ శాస్త్రజ్ఞుడు అటే చూడవలసి వచ్చింది.

భారత ప్రభుత్వం కీటకశాస్త్రానికి ప్రత్యేక అధికారిని నియమించింది 1901లో. సీతాకోకచిలుకల నిపుణుడైన లయనెల్ డి నీస్‌విల్ ఆ పదవి చేపట్టిన సంవత్సరంలోనే మలేరియాతో మరణించారు. మలేరియాను దోమ మోస్తుందని అంతకు నాలుగేళ్ల ముందే, 1897 ఆగస్టు 20న, సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ కనుగొన్నారు. ఆ విజయం ఆలస్యం కావడానికి కూడా వర్గీకరణే ఒక కారణం. రాస్ చాలాకాలం బూడిదరంగు దోమలను, చారల దోమలను కోసి చూశారు. వాటిలో ఏమీ దొరకలేదు. రెక్కలపై మచ్చలున్న మరో రకం దోమను కోసినప్పుడే ఫలితం కనిపించింది. అది అనాఫిలిస్ అని అప్పుడాయనకు తెలియదు. మచ్చల రెక్కల దోమ అని మాత్రమే రాసుకున్నారు. ఏ దోమ ఏదో చెప్పే పుస్తకం చేతిలో ఉంటే ఆ శ్రమ ఎంత తగ్గి ఉండేదో ఊహించవచ్చు.

డి నీస్‌విల్ తరువాత 1903లో వచ్చిన హెరాల్డ్ మాక్స్‌వెల్ లెఫ్రాయ్ ఈ రంగానికి ఒక రూపం ఇచ్చారు. అమెరికన్ దాత హెన్రీ ఫిప్స్ విరాళంతో బీహారులోని పూసాలో 1905లో వ్యవసాయ పరిశోధన సంస్థ ఏర్పడింది. లెఫ్రాయ్ అక్కడే స్థిరపడి 1906లో ‘ఇండియన్ ఇన్సెక్ట్ పెస్ట్స్’, 1909లో హౌలెట్ సహకారంతో ‘ఇండియన్ ఇన్సెక్ట్ లైఫ్’ అనే బృహద్గ్రంథం ప్రకటించారు. దేశంలో వాడుకలో ఉన్న పురుగుల పేర్లను జాబితాగా కూర్చిన బులెటిన్ కూడా పూసానుంచి వెలువడింది. రైతు మాటకూ శాస్త్రనామానికీ వంతెన కట్టాలన్న ఆ ఆలోచన మెచ్చదగినది. లెఫ్రాయ్ తరువాత లండన్‌లో పురుగుమందు వాయువులతో ప్రయోగాలు చేస్తూ, ఆ వాయువుకే 1925లో బలయ్యారు.

పూసాలో ఆయన వారసుడు బెయిన్‌బ్రిగ్ ఫ్లెచర్ అంతకుముందు మద్రాసు ప్రభుత్వ కొలువులో ఉన్నారు. 1914లో వచ్చిన ఆయన పుస్తకం దక్షిణ భారత కీటకాలను గురించినది. ఆనాటి తెలుగు జిల్లాల పురుగులు కూడా అందులోకి వచ్చాయి. 1915 నుంచి 1923 వరకు పూసాలో అయిదు కీటకశాస్త్ర సమావేశాలు జరిపి, ఏ రాష్ట్రంలో ఏ పురుగు ఏ పంటపై ఉందో కూర్చి రాయించడం ఆయన చేసిన పెద్ద మేలు. ఈ సంస్థలో పురుగులను పెంచినవారు, గుడ్డు నుంచి రెక్కల పురుగు దాకా ప్రతి దశను గమనించినవారు, రంగుల పటాలు గీసినవారు ఎక్కువమంది భారతీయ సహాయకులు. పుస్తకాల అట్టల మీద వారి పేర్లు లేవు. 1934 జనవరి 15న వచ్చిన బీహారు భూకంపంలో పూసా భవనాలు దెబ్బతిన్నాయి. 1936లో సంస్థను ఢిల్లీకి తరలించారు. కీటకాల సంచయమూ వెంట వచ్చింది. ఢిల్లీలో ఉన్నా దాన్ని నేటికీ జాతీయ పూసా సంచయమనే పిలుస్తారు. అందులో అయిదు లక్షలకు పైగా నమూనాలున్నాయి.

దక్షిణాదిన ఈ పని కోయంబత్తూరులో వేళ్లూనుకొంది. అక్కడ టి.వి. రామకృష్ణ అయ్యరు పిండినల్లులు, పొలుసుపురుగులు, తామరపురుగుల వంటి అతిసూక్ష్మ జీవుల మీద జీవితకాలం శ్రమించారు. 1940లో మద్రాసులో అచ్చయిన ఆయన దక్షిణ భారత ఆర్థిక కీటకశాస్త్ర దర్శిని తరాల తరబడి వ్యవసాయ విద్యార్థుల చేతిలో నిలిచింది. వై. రామచంద్రరావు మిడతల మీద చేసిన కృషి మరొకటి. ఒంటరిగా తిరిగే మిడత, దండుగా వచ్చే మిడత వేర్వేరు జాతులని చాలాకాలం నమ్మారు. 1921లో యువరోవ్ అనే శాస్త్రజ్ఞుడు వలసమిడతల విషయంలో అవి ఒకే జాతికి చెందిన రెండు అవస్థలని చూపించారు. రెండు పేర్లు ఒకటైన క్షణంలో విధానమూ మారింది. దండు వచ్చాక డప్పులు కొట్టడం కాదు, ఎడారిలో ఒంటరి మిడతలు పెరుగుతున్నప్పుడే కనిపెట్టాలి. 1930లలో కరాచీ కేంద్రంగా సింధు, రాజస్థాన్ ఎడారులలో రామచంద్రరావు బృందం చేసింది ఆ కాపలానే. 1939లో మిడతల హెచ్చరిక సంస్థ ఏర్పడింది.

మిడత విషయంలో రెండు పేర్లు ఒకటైనట్టే తెల్లదోమ విషయంలోనూ జరిగింది. 1889లో గ్రీసు దేశంలో పొగాకు మీద దొరికిన కీటకానికి ఒక పేరుండగా, 1929లో పూసాలో పత్తి మీద దొరికినదాన్ని మిశ్రా, లాంబా కొత్త జాతిగా వర్ణించారు. 1957లో అమెరికాకు చెందిన లూయీస్ రసెల్ ఇలాంటి పేర్లను ఎన్నింటినో కలిపి, అన్నీ బెమీసియా టబాసీయేనని తేల్చారు. 1980ల మధ్యలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని ముంచింది ఇదే. కాయతొలుచు పురుగు కోసం కొత్తగా వచ్చిన పైరిత్రాయిడ్ మందులను రైతులు మళ్లీమళ్లీ చల్లారు. తెల్లదోమను అదుపులో ఉంచే సహజ శత్రువులు చచ్చాయి, తెల్లదోమ పెరిగింది. కలిపిన పేరు మళ్లీ విడిపోవడం ఇటీవలి ముచ్చట. జన్యు పరీక్షలతో చూస్తే బెమీసియా టబాసీ అనే ఒక్క పేరు చాటున, రూపంలో తేడా తెలియని ముప్పైకి పైగా జాతులున్నాయని ఇప్పుడు భావిస్తున్నారు.

ఉల్లికోడు ఇంకా గడుసుది. ఆఫ్రికాలో వరిని పట్టే ఉల్లికోడు, మనది ఒకటేనని అనుకుంటూ వచ్చారు. 1982లో అది వేరే జాతి అని తేలింది. మన దేశంలోని జాతి ఒక్కటే అయినా, అందులో ఏడు జీవరూపాలను గుర్తించారు. సూక్ష్మదర్శినిలో వీటి మధ్య తేడా కనిపించదు. వరి వంగడమే వాటిని వేరుచేసే పరికరం: ఒక వరుస వంగడాలను నాటి, దేనికి పిలక గొట్టమైందో, దేనికి కాలేదో చూసి పురుగును పోల్చుకోవాలి. ఉల్లికోడును తట్టుకుంటుందని పేరుపొందిన ఫల్గుణ వరి 1980ల రెండో అర్ధభాగంలో శ్రీకాకుళం ప్రాంతంలో లొంగిపోవడంతో అక్కడిది నాలుగో రూపమని తెలిసింది. వరంగల్‌లో ఉన్నది దానికీ భిన్నమైనది. ఒక జిల్లాలో నిలిచిన విత్తనం పక్క జిల్లాలో ఎందుకు పనికిరాలేదని రైతు అడిగే ప్రశ్నకు సమాధానం ఇక్కడుంది.

సరైన పేరు త్వరగా దొరికితే ఏమవుతుందో బొప్పాయి పిండినల్లి చూపించింది. 2008లో కోయంబత్తూరులో కనిపించిన ఈ పురుగు బొప్పాయి, మల్బరీ, కర్రపెండలం పంటలను ఊడ్చుకుపోయింది. మధ్య అమెరికా ప్రాంతపు ఈ జాతిని నిపుణులు 1992లోనే వర్ణించి ఉన్నారు. పేరు తెలియగానే పుట్టిల్లు తెలిసింది, పుట్టింటిలో దాని శత్రువు ఎవరో తెలిసింది. 2010లో పోర్టోరికో నుంచి అసెరోఫేగస్ పపాయే అనే చిన్న పరాన్నజీవిని తెప్పించి వదిలితే, మందు చుక్క అవసరం లేకుండా పురుగు అణిగిపోయింది. కర్రపెండలం పిండినల్లి విషయంలో ఆఫ్రికా ఇంత అదృష్టం చేసుకోలేదు. 1970లలో కాంగో పరిసరాల్లో బయటపడిన దానికి శత్రువులను వెతుకుతూ దక్షిణ అమెరికా ఉత్తర భాగానికి వెళ్లినవారికి అచ్చం అలాంటిదే కనిపించింది. దాని శత్రువులను తెచ్చి వదిలారు, పనిచేయలేదు. అది వేరే జాతి! అసలుది 1981లో పరాగ్వేలో దొరికింది. ఆ వెతుకులాట పూర్తయ్యేదాకా కరువు అంచున గడిపినవారు లక్షలమంది. ఆ పురుగు 2020లో కేరళలోని త్రిస్సూరులో కనబడేసరికి దాని పేరు, శత్రువు పేరు రెండూ సిద్ధంగా ఉన్నాయి. మరుసటి ఏడే బెనిన్ నుంచి అనగైరస్ లోపెజీ అనే పరాన్నజీవిని మన శాస్త్రజ్ఞులు తెప్పించుకోగలిగారు. 2018లో కర్ణాటకలోని శివమొగ్గలో మొక్కజొన్నపై కొత్త లద్దెపురుగు కనిపించినప్పుడూ అంతే. తలపై తిరగేసిన ఆంగ్ల అక్షరం వై గుర్తు, తోక దగ్గర చదరంగా నాలుగు చుక్కలు చూసి, జన్యు పరీక్షతో సరిచూసి, అమెరికా ఖండపు స్పోడోప్టెరా ఫ్రుజిపెర్డాయేనని తేల్చారు. ఆ ఏడాదే తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ చేలకు వచ్చిన దాన్ని మన రైతు కత్తెర పురుగు అన్నాడు.

అన్నిసార్లూ ఇలా జరగదు. 2021–22లో గుంటూరు, ఖమ్మం, వరంగల్ ప్రాంతాల మిరపతోటల్లో పూలు రాలిపోయాయి, చెట్లు కాపు లేకుండా నిలిచిపోయాయి. తామరపురుగు మిరపరైతుకు కొత్త కాదు. ఆకులు పైకి ముడుచుకునే పైముడతకు కారణమైన సిర్టోత్రిప్స్ డోర్సాలిస్ అనే ఆ జాతిని కోయంబత్తూరు నమూనాలనుంచి 1919లోనే వర్ణించారు. వందేళ్లుగా మన మందులు, మన సలహాలు, మన అలవాట్లు దాని చుట్టూ అల్లుకున్నవే. ఈసారి వచ్చినది వేరే ప్రజాతి: త్రిప్స్ పార్విస్పైనస్. 1922లో ఆగ్నేయాసియా నమూనాలనుంచి పేరు పెట్టినది, 2015లో బెంగళూరులో బొప్పాయిపై మన దేశంలో మొదటిసారి నమోదైనది. అది ఆకులకంటే పూలను ఎక్కువగా కోరుతుంది, పూరేకుల మధ్య గుంపుగా దాగి ఉంటుంది. పాత పురుగు కోసం ఆకులపై చల్లిన మందు దాని దాకా చేరలేదు. నల్లగా ఉండడం చూసి రైతులే దానికి నల్ల తామరపురుగు అని పేరు పెట్టుకున్నారు. అది పాత తామరపురుగు కాదని పొలంలో ముందు గ్రహించింది వారే.

ఆ పురుగు పొడవు ఒక మిల్లీమీటరు దరిదాపుల్లో ఉంటుంది. దాన్ని నిర్ధారించాలంటే క్షారద్రవంలో నానబెట్టి, గాజు పలక మీద రెక్కలు, కాళ్లు విడదీసి పరచి, మీసాల కణుపుల సంఖ్యనూ, మెడభాగం మీద ఉండే వెంట్రుకల అమరికనూ సూక్ష్మదర్శినిలో లెక్కించాలి. ఇది ఒక గంటలో నేర్చుకునే విద్య కాదు. 1950లో ఆగ్రా సెయింట్ జాన్స్ కళాశాలలో ఎం.ఎస్. మణి ప్రత్యేక కీటకశాస్త్ర విభాగం నెలకొల్పి ఇలాంటి నిపుణులను తయారుచేశారు. వారు తగ్గిపోతున్నారని గుర్తించి 1999లో కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ వర్గీకరణ నిపుణుల శిక్షణకు అఖిల భారత సమన్వయ పథకం ప్రారంభించింది. ఈ విద్యలో ఒక విద్యార్థి ఒక కీటక కుటుంబం మీద పట్టు సాధించడానికి ఏళ్లు పడుతుంది. మిరపపూవు రాలడానికి కొన్ని రోజులు చాలు.